ఇరవై ప్రమిదల లెక్క

రేపటి నుంచి దీపావళి సెలవులు.
ఈ పూట రెండో తరగతికి పాఠం చెప్పడమంటే
పొంగే పాల మీద మూత పెట్టడమే.
ఎక్కాల చార్టు గోడవైపు తిప్పేసి
సంచీలోంచి ప్రమిదలు తీశాను.
పూర్ణామార్కెట్టులో కొన్నవి, డజను నలభై.
పై ఎనిమిదికీ ఎంతివ్వాలో తేలక
కొట్టతనూ నేనూ కాసేపు వేళ్ళు మడుచుకున్నాం.
చివరికి పాతికకి ఒప్పుకున్నాడు.

పెదజాలారిపేట బడి మాది.
కిటికీ తెరిస్తే సముద్రం, మూస్తే ఉక్క.
సుద్దముక్కకి చెమ్మ పట్టి
బోర్డు మీద అంకె సగమే పడుతుంది.
ఎనిమిది రాస్తే, వెనక బెంచీకి మూడు.

ముందు కాకరపువ్వొత్తులు.
"డబ్బాలో పదున్నాయి. నలుగురు పంచుకుంటే?"
షారోను నేల మీద గవ్వలు పరిచింది.
తలా రెండు. రెండు. రెండు. రెండు.
"మరి మిగిలినవి?"
"ఏటీ మిగల్దు టీచరూ,
డబ్బాకి రెండు ఎలాగూ అంటుకోవు కదా!"
శేషం గడిలో సున్నా రాసుకున్నాను.
పక్కన ఏ గుర్తు పెట్టాలో తెలియక
చిన్న చుక్క పెట్టి ఊరుకున్నాను.

ఎల్లాజీకి ఇరవై దాకా రాదని
హాజరుపట్టీ వెనక రాసిపెట్టింది నేనే, జూన్‌లో.
వాడు ప్రమిదల ముందు గొంతుక్కూర్చుని
అరచేత్తో ఊడ్చినట్టు నాలుగేసి పక్కకి జరిపాడు:
పుంజీ,
రెండు పుంజీలు,
మూడు, నాలుగు, అయిదు పుంజీలు.
తలెత్తకుండానే "అయిపోనాయి" అన్నాడు.
రేవులో వాళ్ళమ్మ చేపలు అలాగే పోస్తుందట.
ఒకటి నుంచి మొదలెట్టిన నేను
అప్పటికి పదమూడు దగ్గరున్నాను.

ఇక అసలు లెక్క.
"ఇరవై దీపాలు వెలిగించాం.
గాలికి ఏడు ఆరిపోయాయి. ఎన్ని మిగిలాయి?"

రిజ్వానా పదమూడంది,
తన వేళ్ళు చాలక
పక్కవాడి చేయి గుంజుకుని అరువు తీసుకుని.
పుస్తకం చివరి పేజీలోనూ అదే ఉంది.

పైడిరాజు ఒప్పుకోలేదు.
"ఇరవయ్యే! గాలి దీపాన్ని ఆర్పింది గానీ
ప్రమిదనెత్తుకుపోనాదేటి?"
వాళ్ళ తాత ఇప్పటికీ మట్టి తొక్కుతాడు.
పగిలితే తప్ప
వాళ్ళింట్లో ఏదీ తగ్గినట్టు కాదు.

నూకరత్నం చెయ్యెత్తలేదు, లేచి నిలబడింది.
వాళ్ళిల్లు ఇసక మీద ఆఖరి వరస,
ఆ తరవాత తెప్పలే.
"సున్నా టీచరూ.
మా ఈదిలో గాలి
ఏడు కాడ ఆగదు."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ
సుద్ద పట్టుకున్న చెయ్యి బోర్డు దాకా వెళ్ళలేదు.
కిటికీలోంచి లంగరేసిన ఓడలెన్నో చెప్పమందామంటే
ఈలోగా గంట కొట్టేశారు.
బెంచీలు గోడకి గుద్దుకుంటుంటే
గొంతు చించుకుని చెప్పాను ఇంటిలెక్క:
ఎన్ని దీపాలు పెట్టారు, ఎన్ని నిలిచాయి.
దొంగలెక్క రాయొద్దు, నాకు తెలిసిపోతుంది.
నిజానికి నాకేం తెలుస్తుంది?

సెలవులయ్యాక ముప్పయ్యొక్క పుస్తకాలు.
కొన్ని ఇళ్ళలో వంద పెట్టారు, వందా నిలిచాయి.
ఎల్లాజీ ఆరు పుంజీలని రాసి
'పుంజీ' రాయడం రాక నాలుగు చుక్కలు పెట్టాడు.
నూకరత్నం పుస్తకానికి నూనె మరక.

పెట్టినాం 4. ఆరినాయి 4.
పెట్టినాం 4. ఆరినాయి 3.
పెట్టినాం 3. ఆరినాయి 3.
అగ్గిపెట్టి అయిపోనాది.

రెండుసార్లు కూడాను, ఒకసారి తీసేశాను.
పెట్టినవి పదకొండు, ఆరినవి పది.
బల్ల దగ్గరికి పిలిచి అడిగాను,
"ఒకటి ఉండాలి కదే, అదేమైంది?"

నా ఎర్రపెన్ను వైపు చూస్తూ
కాసేపు ఆలోచించింది.
"తెల్దు టీచరూ,
అది ఎలుగుతుండగానే
నిద్దరొచ్చేసింది."