అమానతు గది

మెట్ల దగ్గర మొదలుపెట్టు, సెల్వినాజ్.
ఆ కుంచె కాసేపు పక్కనపెట్టి నీళ్ళ వైపు తిరుగు.
ఈ మెట్లు ఊళ్ళోకి పోవు, సముద్రంలోకి దిగుతాయి.
చివరి మెట్టుకి ఎప్పుడూ పాచి.
రైలుకి దారి అయిపోయిన చోట
మనిషి పడవెక్కాలి.

పడవలోంచి చూసేవాళ్ళంతా ఇదే హైదర్‌పాషా ముఖమనుకుంటారు.
రైళ్ళకి మాత్రం ఇది వీపు.
కాగితం మీద గీసి చూడు:
ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి మనిషి
పట్టాల వైపు చేతులు చాచి నిలబడ్డట్టుంటుంది.
పొట్టి చేతి మోచేతి దగ్గర, మెట్ల కింద,
పదకొండు అడుగుల గది నాది.
ముప్పై ఒక్క ఏళ్ళు.
రుక్నెత్తిన్ అంటే ఎవరికీ తెలీదు,
అమానతు ముసలాడంటే టీ కుర్రాడికి కూడా తెలుసు.

కింద నేల ఉందనుకుంటున్నావా?
సముద్రాన్ని పూడ్చి
పదకొండు వందల దుంగలు ఆవిరి సుత్తితో దిగ్గొట్టి
ఆపైన రాళ్ళు పేర్చారు.
సముద్రం పట్టా రాసివ్వలేదు,
పట్టాలు వేసుకోండి, చూద్దాం, అంది.
ఒక్కో దుంగకి ఎన్ని దెబ్బలో మా తాత లెక్కపెట్టేవాడట.
ఎన్నో చెప్పకుండానే పోయాడు.

మొదటి యుద్ధంలో మందుగుండు పేలి కప్పు ఎగిరింది.
రెండు వేల పదిలో, బాగు చేస్తుండగా, మళ్ళీ అంటుకుంది.
పొగలోంచి నేను ముందు ఏం తీసుకొచ్చానో అడుగు.
కోటు కాదు. రసీదు పుస్తకం.
కోటు కాలిందని మా ఆవిడ నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఇంజను తలగా వచ్చి తోకగా వెళ్ళే చోటు ఇది.
గుద్దుకోకుండా పట్టాల చివర రెండు ఇనుప మొద్దులు,
నూనె మరకలతో.
వాటి మీద కూర్చుని పెందిక్ లోకల్ డ్రైవర్లు
పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకునేవారు.
దూరపు బండి దిగినవాళ్ళు మాత్రం
వాటి ముందు ఒక్క క్షణం ఆగేవారు,
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.
తర్వాత నా కిటికీ దగ్గరకి వచ్చి
"గంటలో వస్తాను," అనేవారు.

కార్స్ నుంచి ఒకాయన తేనెటీగల పెట్టె దించి
గంట అన్నాడు. మూడు రోజులకొచ్చాడు.
ఆ మూడు రోజులూ రెండో ప్లాట్‌ఫారం టీ కొట్టులో
చక్కెర గిన్నెకి మూత తియ్యలేదు.
ఒక సిపాయి చెక్కపెట్టె పెట్టి వెళ్ళాడు,
తాళం చెవి కూడా నాకే ఇచ్చి.
చెవి ఇచ్చినవాడి పెట్టె తెరవడం
ఎంత కష్టమో నీకు తెలీదు.

రెండు వేల పదమూడు జూన్‌లో ఆఖరి లోకల్ పోయింది.
ఎవరో కేక్ కోశారు, ఎవరో ఏడ్చారు,
గడియారం మాత్రం టైమ్ తప్పలేదు.
పై ఆఫీసు నుంచి కాగితం:
మిగిలిన సామాన్లు పందొమ్మిది, లెక్క అప్పజెప్పు.
గొడుగు, దూదిపరుపు, తీగల్లేని సాజ్,
ఒక గోనెడు ఎండు మల్బరీలు, పురుగుపట్టి...
పద్దెనిమిది అప్పజెప్పాను.
పందొమ్మిదోది నువ్వడగకు, నేను చెప్పను.

తర్వాత మీరొచ్చారు, తాళ్ళు కట్టి, గళ్ళు గీసి.
పట్టాలు పీకితే కింద గోడలు,
గోడల కింద ఇంకా పాత గోడలు.
ఖల్కెదోన్ అన్నావు, పలకలేకపోయాను.
అర్థమైంది మాత్రం ఇంత:
నా గది కింద ఇంకో అమానతు గది ఉండేది,
పెట్టిపోయినవాళ్ళు
రసీదులు పారేసుకున్నారు.

మట్టి సంచులకి నువ్వు అంకెలు వేస్తుంటే
కంచె ఇవతల నిలబడి రోజూ చూస్తున్నాను.
ఆరుని సున్నాలా రాస్తున్నావు. కొంచెం తోక పెట్టు.

ఆ నాణెం వద్దు, నా చేతిలో పెట్టకు.
పాత అలవాటు పోలేదు:
పెట్టగానే "పేరు?" అంటాను.
"ఎప్పుడొస్తావు?" అని కూడా.