పైదవడ, కుడివైపు

చెవిపోగులు తియ్యమన్నాను. తీసింది.
కళ్లద్దాలు, జుట్టులో రెండు పిన్నులు.
కట్టుడు పళ్లు కూడా, అన్నాక
గోడవైపు తిరిగి, అరచెయ్యి అడ్డుపెట్టుకుని
గిన్నెలో పెట్టింది.
పాతికేళ్ల సెట్టు అది. దవడ అరిగి వదులైపోయి
మాటకన్నా ముందు అదే కదుల్తుంది.

"ఊడ్చేసిన ఇంట్లో ఏం వెతుకుతావే పిల్లా?"
అంది ఓస్లా మౌవాట్, ఎనభై నాలుగేళ్లు.
కొత్తవి కట్టేముందు ఒకసారి చూస్తాం అన్నాను.

లెర్విక్ రేవు గాలి కిటికీకి ఉప్పు పూస్తోంది.

ఇరవై ఒకటో పుట్టినరోజుకి నాన్న ఇచ్చిన కానుకట:
మంచివీ పుచ్చినవీ తేడా లేకుండా
అన్నీ ఒకే పూట పీకించెయ్యడం.
ఇక జన్మలో నొప్పి లేదు, ఖర్చు లేదు.
స్టీమరు దిగి వచ్చిన డాక్టరు,
వంటింటి కుర్చీ, ఎనామిల్ బేసిను.
"ఇరవై ఏడు. నేనే లెక్కపెట్టాను.
సోమవారానికి మళ్లీ చేపలు కోసే బల్ల దగ్గరే,
నోట్లో గుడ్డ కుక్కుకుని.
జనం పంటి బిగువున బతుకుతారు,
నేను చిగుళ్ల బిగువున."

అందరూ కొరికి పట్టుకునే పుల్ల ఆమెకి పనికిరాదు.
గడ్డం ఆనించే పలక బిగించాను.
కదలకండి అన్నాను.
యంత్రం గానుగెద్దులా
ఆమె తల చుట్టూ ఒక్క చుట్టు తిరిగింది.

తెరమీద, ఆటు తీసిన ఇసుకలా బూడిదరంగు దవడ.
పైన కుడివైపు, ముక్కు కిందుగా,
అడ్డంగా పడుకుని
ఒక కోరపన్ను.

చిగురు దాటి రాలేదెప్పుడూ. రొట్టె ఎరగదు, పుచ్చు ఎరగదు.
డాక్టర్ లీస్క్ వంగి చూశాడు:
తిత్తి లేదు, వాపు లేదు, లోతుగా ఉంది.
దాని జోలికి పోవద్దు.
ఫైల్లో రాయి, ఏడాదికోసారి చూద్దాం.

ఓస్లా చాలాసేపు చూసింది.
"ఇరవై ఏడే ఎందుకని ఎవరూ అడగలేదు," అంది.
తర్వాత,
"మా నాన్న అన్నిటికీ డబ్బిచ్చాడు.
ఆ డాక్టరు మాకు ఒక పన్ను బాకీ."
నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

మిగిలిన పళ్లు అనే గడిలో
పొద్దున్నే సున్నా రాసి ఉంచాను నేను,
ఆమె ఇంకా కోటైనా విప్పకముందే.
కొట్టేసి, పక్కన ఒకటి వేశాను.

అద్దాల్లోంచి కనిపిస్తోంది, బస్టాపులో
మూసిన పెదాల వెనక
నాలుకతో ఆ చోటు వెతుకుతోంది.
దొరకదు. అంత లోతుకి నాలుక పోదు.
బస్సు వచ్చింది.
మెట్టెక్కుతూ కూడా
వెతుకుతూనే ఉంది.