వంపు

నరిన్ లోయలో మంచు మోకాలి లోతు.
మీటరు మైనస్ ఇరవై తొమ్మిది అంటోంది:
చావూ కాదు, బతుకూ కాదు.

స్పిరిట్‌తో కొసలు తుడిచాను.
ప్యాచ్ తీగ మార్చాను.
అంకె ఉలకదు.
పధ్నాలుగో కిలోమీటరు దగ్గర
తెర మీద గీత ఒక మెట్టు దిగింది.
అక్కడ అతుకేమీ లేదే,
ఉన్నది బడి ఒక్కటే.

కాపలాదారు తోక్తోసున్
గుమ్మంలోనే ఎదురొచ్చాడు.
"వేలాడుతుంటే చూడలేక
నేనే చుట్టి కట్టానమ్మా, పొందిగ్గా."

పిడికిలంత చుట్ట.
దాని మీద గుర్రాన్ని కట్టేసే ముడి.
గాజు తెగలేదు.
అంత ఇరుకులో మలుపు తిరగలేక
వెలుగే తొడుగులోకి ఒలికిపోతోంది
రెండు వారాలుగా.

తిట్టడానికి నోరు తెరిచాను.
ఆయన అప్పటికే గ్లౌజులు విప్పేసి
గోళ్ళతో ముడి పీకుతున్నాడు,
చలికి వేళ్ళు వంకాయ రంగు.

మళ్ళీ చుట్టాను, వదులుగా,
రొట్టెల పళ్ళెమంత.
ఇరవై ఆరు.
ఇరవై రెండు.
పంతొమ్మిది.

పై గదిలో పిల్లలెవరో కేక పెట్టారు.
ఆయన అటు చూడలేదు.
చుట్టనే చూస్తూ,
"ఇప్పుడేం బాగుంది,
చింపిరి జుట్టులా" అన్నాడు.

ఉండనీ తాతా,
దాన్నలాగే ఉండనీ.