గోరంత రంగు

ఎల్కతుర్తి దాటినంక
ముందట గ్రానైటు లారీ.
ఎనుక మడ్‌ఫ్లాపు ఒకటే ఉన్నది, రెండోది ఎక్కడ ఊడిందో.
చక్రం రోడ్డు మీది రాళ్ళను ఏరి ఏరి
నా దిక్కు ఇసురుతున్నది.

టక్.

పెద్ద సప్పుడేం కాదు,
పల్లికాయ ఒలిచినంత.
ఆపి చూస్తే బానెట్ అంచుకు
నువ్వుగింజంత పొక్క.
ఎర్ర బండి మీద బూడిదరంగు ఎక్కడిదంటే
అది రంగు కింది పూత.
దాని నడిమిట్ల ఇంకింత చిన్నగ, నల్లగ,
ఇనుము.

పద్నాలుగు కిస్తీలు కట్టిన, ముప్పై నాలుగు మిగిలినయి.
నా బండి ఇనుముదని
కండ్లార చూసింది ఇదే మొదలు.

ఆటోనగర్‌ల మొయిన్ భాయ్
అద్దాలు నుదుటి మీదికెక్కించి
గోరు పెట్టి చూసిండు.
"గోరు తట్టుకుంటే దెబ్బ, తట్టుకోకుంటే మరక."
తట్టుకున్నది.
"బానెట్ మొత్తం కొట్టాల్నా భాయ్?"
"మొటిమ లేస్తే మొఖమే మారుస్తరా?"

తలుపు సందుల అంటించిన నంబరు చదివి
గోళ్ళరంగు సీసా అంత సీసాల ఎరుపు కలిపిండు.
సబ్బునీళ్ళతోని కడిగి, స్పిరిట్‌తోని తుడిచి,
అగ్గిపుల్లకు గరుకు కాగితం చుట్టి
పొక్క లోపల్నే, లోపల్నే గీకిండు.
"పొయ్యొద్దు బేటా, కూసోబెట్టాలె.
ఒక్కపాలే నింపుదామంటే బొడిప లేస్తది.
ఒక చుక్క. ఆరనియ్యి. మళ్ళొక చుక్క."

చుక్కకూ చుక్కకూ నడుమ చాయ తాగినం.
వానకాలం దాకా దెబ్బను వదిలితే
తుప్పు పైకి రాదట, పక్కకు పోతదట
రంగు కిందికెళ్ళి, చెదలు నడిచినట్టు.
కనవడని ప్లాస్టిక్ తొడుగొకటి ఉన్నదట,
చిన్న చిన్న గీతలు పడితే ఎండకు తానే సాపైతదట.
ధర చెప్పిండు.
నేను చాయ గ్లాసు కింద పెట్టిన.

"పైసలు లేని తొడుగు ఇంకోటున్నది" అన్నడు.
"లారీ కరెంటు స్తంభం దాటంగనే లెక్క వెట్టు.
నాలుగు అనకముందే నువ్వు ఆ స్తంభం దాటితే
రాయిని నువ్వే పిలిచినట్టు."

మంగళారం, శుక్రారం
హుజురాబాద్ నుంచి హన్మకొండకు ఓదెలు కిరాయి,
రక్తం కడిగించుకునేటందుకు.
ముందు సీట్లనే కూసుంటడు, ఒళ్ళె సంచి.
ఆ దినం ఎక్కకముందు బానెట్ కాడ ఆగిండు.
ఫోన్ల తీసిన పాత ఫోటో కూడ చూపెట్టుమన్నడు.
"ఇది కంకర కాదు. కంకరైతే గీరుతది.
సుత్తె కింద లేసిన పెచ్చు లెక్కున్నది, మొన సూడు."

ఎట్ల తెలుసంటే
కనుబొమ్మ చూపెట్టిండు.
ఎడమ చెంప. కింది పెదవి. మోచెయ్యి.
ఒక్కోదానికి ఒక్కో గుట్ట పేరు చెప్పిండు,
మోచేతిది యాదికి రాలే.
"నీ సీసల రంగు ఇంకింత మిగిలిందా?" అని నవ్విండు.
మిగిలింది.
నేను నవ్వలే.

హసన్‌పర్తి ఇంకా రాకముందే మళ్ళొక లారీ,
నల్లటి బండలు రెండు, మీద తెల్ల రంగుతో నంబర్లు.
పాదానికి తెలివి లేదు, అది ఎప్పటి లెక్కనే ఒత్తింది.
ఓదెలు సంచి మీద వేలుతోని కొట్టుకుంట
ఒకటి, రెండు...
స్తంభం మా పక్కకే వచ్చింది.
"జర ఎనుకకుండు."

"ఆలస్యమైతది గదనే?"
"కానియ్యి. ఆ మంచం కోసం ఎవ్వలు కొట్లాడుతరు?"

లారీ చిన్నగైంది.
ఒకటి, రెండు, మూడు, నాలుగు,
ఐదు కూడ అన్నడు ఓదెలు, ఊకెనే.
డాష్‌బోర్డు అరల సీసా అటిటు దొర్లుతున్నది.
రంగు అడుగుకు దిగుతదట,
వాడే ముందు గట్టిగ ఊపాల్నట.