కరిగించని పంక్తి

మీరు అక్షరాల్ని తిన్నగా చదువుతారు.
నేను తిరగేసి చదివేవాణ్ణి, అది నా పొట్టకూటి విద్య.
పోర్తో నగరంలో, నదికి దిగే సందులో,
ఒక పొద్దుటి పత్రికకి ఇరవై రెండేళ్లు
పంక్తి తర్వాత పంక్తి సీసం పోశాను.

నాటకాల మీద రాసేది విల్యేనా గారు.
గొంతుకి మఫ్లరు, వేళ్లకి పొగాకు పసుపు.
మెచ్చుకోవాలంటే సొంత జేబులోంచి తీసిచ్చినంత బాధ.
ఆయన "పరవాలేదు" అని రాస్తే చాలు,
ఆ నటుడు మర్నాడు కేఫేలో అందరికీ కాఫీ పోయించేవాడు.

అలాంటి మనిషి కింతేలా దగ్గరికొచ్చేసరికి
కలం పట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేవాడు.

బెల్మీరు కింతేలా.
పాత విషాదనాటకాల్లో రాజు, గుడ్డి పూజారి,
కొడుకుని చంపుకున్న సేనాపతి.
పగటిపూట ఎడమకాలు ఈడుస్తూ
సార్డీన్ చేపలకి బేరమాడే ముసలాయన.
"ఆ గొంతులో వానకి తడిసిన గ్రానైటు ఉంది" అని ఒకసారి రాశారు.
"కిరీటం తీసి పక్కన పెట్టాక కూడా
మెడ ఆ బరువు దించలేదు" అని ఇంకోసారి.
అన్నీ నేనే పోశాను. ఒక్క నాటకమూ చూడలేదు.
తెర లేచే వేళకే నా షిఫ్టు మొదలు.
నాకు తెలిసిన కింతేలా
ఎనిమిది పాయింట్ల ఎత్తు మనిషి.

ఆ ఫిబ్రవరి రాత్రి విల్యేనా తడిసిన గొడుగు కూడా ముడవకుండా
నా యంత్రం దగ్గరికే వచ్చేశారు.
కింతేలా ఈసారి రాజు కాదట, వార్తాహరుడట.
అడిగి మరీ తీసుకున్న చిన్న వేషం.
వచ్చి చెప్పాల్సింది ఇంతే:
రాజ్యం క్షేమం. ప్రభువు క్షేమం.

"మొదటిది చెప్పి ఆగాడు.
నా పక్కనామె పిప్పరమెంటు కాగితం విప్పుతున్న చెయ్యి ఆగిపోయింది.
పైన ఎవరో దగ్గబోయి మింగేశారు.
ఊరు ఊరంతా తన ఊపిరి తాను విన్నది.
అప్పుడన్నాడు, ఎంతో మర్యాదగా, ప్రభువు క్షేమమని.
నలభై ఏళ్లలో ఒక నటుడు
నోరు మూసుకుని ఇంత మాట్లాడగా నేను వినలేదు."

ప్రూఫు రెండు వీధుల అవతలికి వెళ్లింది.
అక్కడొక రిటైరైన కెప్టెను, పిల్లులకి పాలు పోసే మంచివాడే,
చేతిలో నీలి పెన్సిలు.
నాటకంలో కొట్టేయడానికి అతనికి ఏమీ దొరకలేదు,
మాటలన్నీ ప్రభువుకి అనుకూలమైనవే.
అందుకని పొగడ్తని కొట్టేశాడు.

మిగిలింది:
దుస్తులు బాగున్నవి. కింతేలా కూడా నటించెను.

విల్యేనా అరవలేదు.
"ఉన్నది వేసెయ్, ఆర్లిందూ" అని మఫ్లరు చుట్టుకున్నారు.
కొట్టేసిన పంక్తుల్ని కరిగే కుండలో వేశాను,
ఒకటి తప్ప. జేబులో అది ఇంటిదాకా తొడ కాలుస్తూనే ఉంది.

మర్నాడు పంటినొప్పని అబద్ధమాడి నాటకానికి వెళ్లాను.
మూడో వరసలో టోపీలు తీయని ఇద్దరున్నారు.
కింతేలా వచ్చాడు.
రాజ్యం క్షేమం ప్రభువు క్షేమం.
ఒక్క గుక్కలో. వెళ్లిపోయాడు.

నా డబ్బులు నాకిచ్చేయమనాలనిపించింది.

వెనక గుమ్మం దగ్గర ఆగి, ఆ సీసం ముక్క ఆయన చేతిలో పెట్టాను.
బొటనవేలితో తడిమాడు, దీపం కింద పట్టాడు,
తిరగబడిన అక్షరాలు ఆయనకి రాలేదు.
నేనే చదివాను: నోరు మూసుకుని ఇంత మాట్లాడగా.

"అబ్బే," అన్నాడు, "నిన్న నేను..."

కొండమీది మలుపులో ట్రాము కీచుమంది.
ఎవరో కిటికీ రెక్క వేసుకున్నారు.
ఆయన కళ్లు నా మీదే ఉన్నాయి, వాటిలో నవ్వు లేదు.
నా చొక్కాలోపల ఏదో వినబడటం మొదలైంది.

"...మాట మర్చిపోయానోయ్."

ముక్క నా చేతిలో పెట్టి కాలీడుస్తూ వెళ్లిపోయాడు.
ఇప్పుడది నా బల్లమీద ఉంది,
గాలికి కాగితాలు ఎగరకుండా.