రెండో బకెట్టు

జేసీ రోడ్డులో ఆ కొట్టుకి పేరుపలక లేదు,
గుమ్మానికి వేలాడే స్టీరింగు తొడుగులే గుర్తు.
బండి వచ్చి నాలుగు రోజులు. నల్లది.
"నలుపు వద్దక్కా, ప్రతి గీతా సాక్ష్యం చెబుతుంది" అని
షోరూము పిల్లాడు చెప్పినా వినలేదు.
దాంతోపాటే ఓబులేసుకి ఒక స్కూటరు,
నాలుగు చక్రాలంటే ఆయనకి ఇప్పటికీ బెదురు.

బల్ల మీద సీసాలు. నీలం, నారింజ, చిలకపచ్చ.
ఒకటి నురగకి, ఒకటి మెరుపుకి,
ఒకటి ఆ మెరుపు నిలవడానికి,
ఇంకొకటి ఎందుకో చదివినా తెలియలేదు,
పుచ్చకాయ వాసన మాత్రం వచ్చింది.
ఇరవై రెండేళ్లు ఆపరేషన్ థియేటర్లో
మూత తీస్తే చాలు మందు పేరు చెప్పినదాన్ని,
ఇక్కడ ఒకటో తరగతి.

నయీముల్లా సాబు కళ్లద్దాలు నుదుటికి తోసి అడిగాడు,
"ఇంతవరకూ దేంతో కడిగారు?"
గిన్నెల సబ్బుతో, అన్నాను.
పసిబిడ్డకి ఇటుకపొడితో నలుగు పెట్టానన్నట్టు
చూశాడు.

సగం తెలుగు, సగం ఉర్దూ, అతుకు పడ్డచోట కన్నడం:
"షాంపూ ఒకటి చాలు, చేతికి మంట పుట్టనిది.
మెత్తటి చేతితొడుగు ఒకటి. గుడ్డలు ఆరు.
మైనం ఎప్పుడో, చిటికెడు.
పాలిష్ ముట్టొద్దు. రోగం లేని బండికి మందెందుకు?
బకెట్లు మాత్రం రెండు.
ఒకదాంట్లో నురగ, ఒకదాంట్లో ఉత్తనీళ్లు.
మురికి ఉత్తనీళ్లలో వదిలాకే మళ్లీ నురగలో ముంచాలి.
గీత పెట్టేది గుడ్డ కాదమ్మా,
గుడ్డలో దాక్కున్న ఇసుక."

ఒక మడతతో ఒక్కసారే. వెనక్కి రుద్దకూడదు.
నేల మీద పడిన గుడ్డ ఇక గుడ్డ కాదు.
నాకు నవ్వొచ్చింది.
కోతకి ముందు పొట్ట మీద అయోడిన్ దూదితో
నేను చేసేదీ ఇదే,
ఏటేటా కొత్త నర్సు పిల్లల మీద అరిచేదీ ఇదే.

టైరు మెరుపు సీసాలు నేనే తీశాను, రెండు.
ఆయన ఒకటి లాక్కున్నాడు.
"స్కూటరు టైరుకి వద్దు. మెరుస్తుంది, జారుస్తుంది.
మీ ఆయన మీకు కావాలి కదా?"
ఆ ముక్కకి బిల్లులో వెల వేయలేదు.

రామమూర్తినగర్లో మా ట్యాంకరు మంగళవారం.
ఏప్రిల్లో ఆ మంగళవారం గురువారమైంది,
తర్వాత ఏ వారమూ కాకుండా పోయింది.
షాంపూ మూత విప్పలేదు.
రెండో బకెట్టు వంటింట్లోకి వెళ్లి
బియ్యం కడిగిన నీళ్లు దాచుకుంది.
బండి మీద కానుగ జిగురు, దాని మీద రోడ్డు పనుల దుమ్ము.
పొడిగుడ్డ తీశాను, మడిచి పెట్టేశాను.
తెలియనప్పుడే హాయి,
చీర కొంగుతో తుడిచేసేదాన్ని.

వాచ్‌మన్ మల్లప్ప కూతురు శివలీల,
యాద్గిర్ నుంచి వచ్చి రెండు నెలలు,
బానెట్టు మీది ఆ దుమ్మును పలక అనుకుంది.
వాన పడి దుమ్ము పోయాక
సాయంత్రం ఏటవాలు ఎండలో చూస్తే
అక్షరం అక్కడే ఉంది, వెంట్రుకంత సన్నంగా.
కన్నడ 'అ'నో తెలుగు 'అ'నో
నేనైతే చెప్పలేను.

మళ్లీ జేసీ రోడ్డు.
"పాలిష్‌తో పోతుంది" అన్నాడు సాబు,
"కానీ పై పొర కాగితమంత పలచన.
గీతను తీసేయడమంటే
చుట్టూ ఉన్నదాన్ని దాని లోతుకి దించడం."
డబ్బా కాసేపు చేతిలో పట్టుకుని
చల్లగా ఉందని మాత్రం గమనించి
తిరిగి అరలో పెట్టాను.
ఇంకో చేతితొడుగు అడిగాను. ఉన్నవాటిలో చిన్నది.

ఆదివారం, ఎవరూ అనుకోకుండా, ట్యాంకరు హారన్.
ఓబులేసు స్కూటరు అడ్డం తీశాడు.
నురగ బకెట్టు నాది, ఉత్తనీళ్లది శివలీలది.
చిన్నదైనా ఆ తొడుగు దాని మోచేతి దాకా వచ్చింది.
నేను మర్చిపోయి నేరుగా నురగలో ముంచబోతుంటే
నా మణికట్టు పట్టుకుని
"మొదలు ఇదరల్లి" అంది,
నీళ్లు చూపిస్తూ.