ముట్టుకోరాదు

కుతాయిసి నుంచి చీకటుండగానే బయల్దేరాం
పదకొండు మంది పిల్లలూ, నేనూ,
హీటరు పనిచేయని ఓ మినీబస్సూ.
రికోతి కనుమలో మంచు.
వెనక సీట్లో ఎవరో జున్ను రొట్టె తుంచి పంచారు,
ఆ వేడికే అద్దాలు మసకేశాయి.

త్బిలిసిలో అదొక పాత బట్టల ఫ్యాక్టరీ.
మిషన్లు పోయాయి,
నేల మీద వాటి కాళ్ళ గుంటలు మిగిలాయి.
ఆ గుంటల మీదే ఇప్పుడు
రేపటి గదులు నిలబెట్టారు:
తెల్ల గోడ, తెల్ల సోఫా,
గాజు బల్ల మీద ఒకే ఒక్క దానిమ్మ పండు.
ప్రతిదాని పక్కనా చిన్న అట్ట:
ముట్టుకోరాదు.

ఫోన్లన్నీ నా సంచిలో వేయించాను.
గొణిగారు.
తలా ఒక దర్జీ టేపు ఇచ్చాను.
"ముట్టుకోకుండా ఎలా కొలుస్తాం?" అంది తెక్లే.
"నీడని కొలువు" అన్నాను.
నాకే సరిగ్గా తెలియని సంగతి
తెలిసినట్టు చెప్పడం
నాకు కొట్టినపిండి.

లాషా సోఫా నీడని జానలతో కొలిచాడు.
దారేజాన్ వంటగది ముందు ఆగిపోయింది.
చూసి, చూసి,
"ఉల్లిపాయలు ఎక్కడ పెడతారు?" అంది.
ఎవరూ నవ్వలేదు. అందరూ వెతికారు.
ఉల్లిపాయలకి చోటు లేదు.
తడి గొడుక్కి లేదు.
అలిగిన మనిషి పోయి కూర్చునే మూల
అసలే లేదు.

వాఖో ఏడీ అని చూస్తే
ఒక కుర్చీ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు
లారీ కింద మెకానిక్కులా.
కాపలా ఆవిడ గబగబా వచ్చింది.
నా గుండె గుభేలుమంది.
క్షమాపణ నాలుక చివరికి తెచ్చుకున్నాను.
ఆవిడ మోకాళ్ళు పట్టుకుని వంగి
"ఎడమ వైపు వెనక కాలు చూడు బాబూ" అంది మెల్లగా,
"నిన్నటి నుంచీ ఊగుతోంది.
అట్టముక్క పెట్టాను. ఎవరికీ చెప్పకు."

పేరు లమారా.
ఇదే ఫ్యాక్టరీలో పదిహేడేళ్ళు
కోటు చేతులు మాత్రమే కుట్టిందట.
ఒంటి కోటూ చూడలేదట పూర్తిగా.
తలుపు వెనక్కి తీసుకెళ్ళి తన స్టూలు చూపించింది:
మూడు కాళ్ళు,
నడుము ఆనేందుకు గోడకి బిగించిన చెక్క,
పాత కోటు చేతిలో ఉన్ని కూరి కుట్టిన దిండు.
"దీన్ని ముట్టుకోవచ్చు."

ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు.
కూర్చున్న ప్రతి ఒక్కరికీ
రోజంతా తొడిగిన బూట్లు విప్పినప్పటి మొహం వచ్చింది.
టేపులు అప్పుడు బయటికొచ్చాయి.
నలభై ఒకటి. ముప్పై తొమ్మిది. కాదు, నలభై.
ఎవరి లెక్కా ఎవరితోనూ కలవలేదు.
దిండు ఒక్కొక్కరి కింద ఒక్కోలా అణిగింది మరి.
వాదించుకుంటూనే బస్సెక్కారు.

దారిలో చెబుదామని
రూపం గురించి, ప్రయోజనం గురించి
ఒక ఉపన్యాసం కట్టుకున్నాను.
వెనక్కి తిరిగితే అంతా నిద్ర,
ఒకరి భుజం ఇంకొకరికి తలగడ.
మింగేశాను.

సోమవారం.
నాలుగేళ్ళుగా క్లాసులో నా బల్ల ఊగుతోంది.
ఎన్ని అర్జీలు పెట్టినా ఎక్కడి గొంగళి అక్కడే.
హాజరు పుస్తకం తెరిచి
అలవాటుగా మోచేత్తో అదిమిపట్టబోయాను.
కదల్లేదు.
వంగి చూశాను.
కాలి కింద
ఎనిమిది మడతలు పెట్టిన
ఎగ్జిబిషన్ టికెట్టు.

తలెత్తితే
పదకొండు మొహాలూ
కిటికీ అవతలి మంచునే చూస్తున్నాయి.